దిగకముందు చెప్పిన రేటు

రెండో రోజు మధ్యాహ్నానికి చిన్నకోటయ్య తొమ్మిదిసార్లు కాలువలో మునిగాడు. తొమ్మిదోసారి పైకి తేలేసరికి పెదాలు నల్లబడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నడుముకు కట్టిన తాడును గట్టు మీద నుంచి పొరుగింటి కుర్రాడు పున్నారావు లాగుతుంటే, సిమెంటు వాలు మీద పేరుకున్న నాచుకు కాళ్లు నిలవక, మోకాళ్ల మీద పాకుతూ పైకొచ్చాడు. డిసెంబరు నెల. మిరపతోటలకు నీళ్లు వదిలిన రోజులు. సాగర్ కుడి కాలువ రెండు గట్లనూ ఒరుసుకుంటూ పారుతోంది.

గట్టు మీద యాభై అరవై మంది జనం. వాళ్ల వెనక వరసగా కార్లు.

"దొరికిందా?" అని నలుగురైదుగురు ఒక్కసారే అడిగారు.

చిన్నకోటయ్య తల అడ్డంగా ఊపాడు.

సగం నిండిన నీళ్ల సీసా ఒకటి గాల్లో తిరుగుతూ వచ్చి అతని మెడకు తగిలింది.

"రెండ్రోజుల నించీ మునిగి లేస్తా నాటకాలాడతన్నాడు! రోజులు పెరిగితే డబ్బులు పెరుగుతాయని!"

విసిరినవాడు ప్రసాద్. నీళ్లలో పోయిన కుర్రవాడికి మేనమామ. రోడ్డు పనులు చేయించే కాంట్రాక్టరు. కుర్రవాడి పేరు శశికాంత్, ఇరవై ఒక్కేళ్లు. ముందురోజు పొద్దున స్నేహితులతో కారులో వచ్చి, లాకుల మీద ఫొటోలు దిగి, టిఫిను తిన్న చేతులు కడుక్కోవడానికి వాలు మీదికి దిగాడు. నాచు మీద కాలు పడింది. స్నేహితులు చూస్తుండగానే రెండుసార్లు చెయ్యి పైకి కనిపించింది. మూడోసారి కనిపించలేదు.

చిన్నకోటయ్య మెడ తుడుచుకున్నాడు. అతని కూతురు దుర్గ లేచి ప్రసాద్ దగ్గరికి వెళ్లింది.

"రోజుల లెక్క కాదు సార్ మనం మాట్లాడుకుంది. నిన్న మీ బావగారి ముందే చెప్పాను. దొరికితే మొత్తం ఇరవై ఐదు వేలు. రెండు రోజులైనా అంతే, పది రోజులైనా అంతే. దొరక్కపోతే అడ్వాన్సు ఇచ్చిన ఐదు వేలే మావి. మిగతాది అడగం. లేటయితే మాకేం ఒరగదు."

"శవం మీద బేరమాడేదానివి, నువ్వు నాకు లెక్కలు చెప్తావంటే?"

"బేరం ఆడలేదు సార్. రేటు చెప్పాను. మీరు సరేనన్నారు."

ప్రసాద్ ఒక అడుగు ముందుకేశాడు. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మల్లికార్జునరావు, "ప్రసాదూ, ఒద్దు" అన్నాడు. ఆయనకు మాచర్లలో పురుగుమందుల దుకాణం, పత్తి కొనుగోలు వ్యాపారం ఉన్నాయి. పోయినవాడు ఆయనకు ఒక్కడే కొడుకు. నిన్నటి నుంచి ఆయన నోట వచ్చిన మాటలు పది కూడా ఉండవు. పక్కనే ఆయన భార్య బాలసరస్వతి నేల మీద కూర్చుని కాలువవైపే చూస్తోంది.

దుర్గ వచ్చి తండ్రి భుజాల మీద దుప్పటి కప్పి, ఫ్లాస్కులోని టీ గ్లాసులో పోసి ఇచ్చింది.

*

చిన్నకోటయ్యది చేపలు పట్టే కుటుంబం. కాలువ గట్టుకు అరమైలు దూరంలో, పోరంబోకులో వేసుకున్న ముప్పై ఇళ్ల కాలనీలో వాళ్లదొకటి. ఏటా కాలువలో ఎవరో ఒకరు పోతారు. కాలు జారి కొందరు, తాగి కొందరు, పంట పోయి బతకలేక తామే దూకి కొందరు. స్టేషన్ నుంచి కబురు వస్తే చిన్నకోటయ్య, పక్కింటి ఏసయ్య వెళ్లి మునిగి శవాన్ని తీసేవాళ్లు. ముప్పై ఏళ్లుగా జరుగుతున్నది అదే. దిగే ముందు వాళ్లకు ఒక క్వార్టర్ సీసా మందు పోయించేవాళ్లు. తీశాక ఇంకొకటి. వెళ్లేటప్పుడు చనిపోయినవాళ్ల తాలూకు మనిషెవరో దూరం నుంచి మూడు వందలో ఐదు వందలో నేల మీదికి విసిరేవాడు. శవాన్ని ముట్టుకున్న చేతులకు చేతికందించకూడదట. చిన్నకోటయ్య వంగి ఏరుకునేవాడు. ఇంత కావాలని ఒక్కనాడూ నోరు తెరిచి అడిగి ఎరగడు. చావింట్లో నోరెట్టా తెరుస్తాం అనేవాడు.

దుర్గ ఇంటరు అయ్యాక మాచర్లలో ఒక స్కానింగ్ సెంటర్లో మూడేళ్లు కౌంటరులో కూర్చుంది. కడుపులో బిడ్డ కదలడం లేదని ఏడుస్తూ వచ్చినవాళ్లకు కూడా ఆమె ముందు రేటు చెప్పాలి, డబ్బు కట్టించుకోవాలి, రసీదు ఇవ్వాలి, అప్పుడే లోపలికి పంపాలి. ఏడ్చినవాళ్లున్నారు, తగ్గించమని బతిమాలినవాళ్లున్నారు. రేటు చెప్పినందుకు ఆ డాక్టరును తిట్టినవాడు మాత్రం ఆమెకు కనిపించలేదు.

రెండేళ్ల క్రితం వెల్దుర్తి వైపు ఒక కుంటలో మూడు రోజులు మునిగి శవాన్ని తీసిన నాడు, చిన్నకోటయ్య తప్ప తాగి ఆటో వెనక సీట్లో పడి ఇంటికి వచ్చాడు. జేబులో నాలుగు వందలున్నాయి. అందులో ఒక వంద నోటు చిరిగిపోయింది. ఆ వారమే దుర్గ ఉద్యోగం మానేసింది.

అప్పటి నుంచి మాట్లాడేది ఆమే. మందు ఆపించింది. పోలీసులు ఫోను చేస్తే తండ్రి వెంట తనూ వెళ్తుంది. ముందు ఇంటివాళ్ల దగ్గర కూర్చుంటుంది. పోయిన మనిషి పేరు అడుగుతుంది, ఏ బట్టలు వేసుకున్నారో, ఎక్కడ జారారో అడుగుతుంది. ఎన్ని గంటలు వెతకగలమో, ఎక్కడ వెతకలేమో చెప్తుంది. ఆ తర్వాత రేటు. మామూలు కాలువలో అయితే పదిహేను వేలు. లాకుల కింద, సొరంగాల్లో అయితే ఇరవై ఐదు. దిగేవాళ్లు ఇద్దరు, తాడు పట్టేవాడొకడు, ట్యూబులు, ఆటో అన్నీ అందులోనే. ఒక్క మాట గట్టిగా అనదు. ఒక్క మాట మింగదు. మొదట్లో ఇంటికొచ్చి గుమ్మంలో ఉమ్మేసి పోయినవాళ్లున్నారు. తరవాత్తరవాత చాలామంది ఇచ్చి, దండం పెట్టి వెళ్లారు. పత్తి తీతకు వచ్చిన కూలీల కుటుంబం ఒకటి, మా దగ్గర లేవమ్మా అని ఏడిస్తే మూడు వేలకు ఒప్పుకుంది. ఊరికే చేస్తామని మాత్రం అనలేదు. ఊరికే అంటే రేపు అందరూ ఊరికే అంటారని ఏసయ్యకు నచ్చజెప్పింది.

ఇప్పుడు ఆ లాకుల దగ్గరే, అంబులెన్సువాడు మాచర్లకు ఆరు వేలని చెప్పి, రెండు రోజుల వెయిటింగు వేరే అని చెప్పి, సీట్లో పడుకుని ఫోను చూస్తున్నాడు. ఐసుపెట్టెవాడు రోజుకు నాలుగు వేలన్నాడు. వాళ్లతో ప్రసాద్ గొడవ పడలేదు.

*

చిన్నకోటయ్య టీ తాగి, ఏసయ్యతో గొంతు తగ్గించి మాట్లాడాడు. తర్వాత దుర్గను పిలిచాడు.

"మూడో షట్టరు కింద ఉండాడనిపిస్తందమ్మా. చెయ్యి పెడితే లోపలికి గుంజుతంది. షట్టరు దించితేనే దిగగలం. దించకపోతే మేం కూడా పోతాం."

దుర్గ వెళ్లి ఆ మాట హెడ్ కానిస్టేబుల్ త్రికోటేశ్వరరావుకు చెప్పింది. పైనుంచి ఆర్డరు లేకుండా లాకుల మనిషి షట్టరు ముట్టనన్నాడు. మల్లికార్జునరావు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మూడు గంటలకు ఆర్డరు వచ్చింది. ముప్పావుగంట మాత్రమే మూస్తామన్నారు.

షట్టరు కిందికి దిగింది. నీళ్ల హోరు ఆ ఒక్క చోట తగ్గింది. చిన్నకోటయ్య, ఏసయ్య తాళ్లు కట్టుకుని దిగారు. పున్నారావు చేతుల్లో తాడు రెండుసార్లు బిగుసుకుని వదులైంది. మూడోసారి మూడు గుంజులు వచ్చాయి.

"దొరికాడు" అన్నాడు పున్నారావు.

లారీ ట్యూబు మీద అడ్డంగా వేసి ఇద్దరూ శశికాంత్‌ను వాలు దగ్గరకు తోసుకొచ్చారు. రెండు రోజులు నీళ్లలో నానిన ఒళ్లు. ముఖం ఉబ్బి గుర్తుపట్టేలా లేదు. ఒక కాలికి బూటు ఉంది. ఏసయ్య తన తువ్వాలు తీసి ముఖం మీద కప్పాడు. బాలసరస్వతి దుర్గ చేతిని పట్టుకుని, "నా పిల్లగాణ్ణి తెచ్చారమ్మా, తెచ్చారు" అని రెండుసార్లు అని, శవం మీద పడిపోయింది. ఆడవాళ్లు ఆమెను ఎత్తి కారులోకి తీసుకుపోయారు.

చిన్నకోటయ్య తాడు విప్పుకుంటూ ఉన్నాడు. ప్రసాద్ శవం మీదికి వంగి తువ్వాలు తొలగించి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"గొలుసేదిరా?"

ఎవరికీ అర్థం కాలేదు.

"ఒరేయ్ కోటిగా, మెళ్లో మూడు కాసుల గొలుసుండాలి. ఏదిరా?"

"నేను చూడలేదు బాబూ. చొక్కా పట్టుకుని లాగాం. షట్టరు కింద చీకట్లో ఏం కనపడతది?"

"నీళ్లల్లోనే ఎక్కడో దాచి, రేపొచ్చి తీసుకుందామనుకున్నావా?"

"బాబూ, నా బిడ్డ మీద ఒట్టు..."

మాట పూర్తి కాలేదు. ప్రసాద్ అరచెయ్యి చాచి అతని ఎడమ చెవి మీద కొట్టాడు. తడిచెవి మీద పడిన ఆ దెబ్బ చప్పుడు అవతలి గట్టుకు వినిపించింది. చిన్నకోటయ్య పక్కకు ఒరిగాడు. ప్రసాద్ జుట్టు పట్టి నిలబెట్టి, మళ్లీ అదే చెవి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ప్రసాద్ వెంట వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు దూకారు. ఒకడు చిన్నకోటయ్యను నడుము మీద తన్నాడు. అతను వాలు మీద బోర్లాపడి, నాచు మీద జారి నీళ్ల దాకా పోయాడు. విప్పని తాడు కాలికి చుట్టుకుని ఉండబట్టి పున్నారావు పట్టి ఆపగలిగాడు.

ఏసయ్య అడ్డం వెళ్లాడు. "కొట్టమాకండయ్యా, ఎతుక్కోండి, మా ఒంటి మీద ఏముంది? లుంగీలే గదా!" అన్నాడు. శవాలను లాగడానికి వాళ్లు తెచ్చుకున్న ఇనప కొక్కెం గట్టు మీద పడి ఉంది. ఆరడుగుల కడ్డీ. ఒక కుర్రాడు దాన్ని ఎత్తి ఏసయ్య మీదికి తిప్పాడు. ఏసయ్య తలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మోచేతి దగ్గర ఎముక విరిగిన చప్పుడైంది. ఏసయ్య ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూలబడిపోయి, దాని వంకే చూస్తూ ఉండిపోయాడు. మోచెయ్యి వంగకూడని వైపుకు వంగి ఉంది.

దుర్గ ఆ కడ్డీ పట్టుకోబోయింది. ప్రసాద్ ఆమె జడ పట్టుకుని వెనక్కి గుంజి, నేల మీద పడేసి ఈడ్చాడు. కంకర గీసుకుని వీపంతా మండింది. "రేటు చెప్తావా? ఇప్పుడు చెప్పవే రేటు! చెప్పు!" అని ప్రతి మాటకూ కాలితో తన్నాడు. ఆమె ఫోను ఎగిరి కాలువలో పడింది.

"సార్, చూస్తా నిలబడ్డారేంది?" అని ఆమె త్రికోటేశ్వరరావును చూసి అరిచింది.

ఆయన కార్ల వైపు తిరిగి, పంచనామా కాగితాలు సర్దుకుంటున్నాడు. మల్లికార్జునరావు శవం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె ఆయనను కూడా చూసింది. ఆయన చూపు ఒక్క క్షణం ఆమె మీద ఆగింది. తర్వాత తల తిప్పుకుని కొడుకు మీద తువ్వాలు సరిచేశాడు.

దెబ్బలు ఎంతసేపు పడ్డాయో దుర్గకు తెలియలేదు. కార్లు స్టార్టు అయ్యాక, షట్టరు మళ్లీ పైకి లేచాక, నీళ్ల హోరు తిరిగి మొదలయ్యాక ఆమె లేచి కూర్చుంది. త్రికోటేశ్వరరావు మోటార్ సైకిల్ ఎక్కుతూ ఆగాడు.

"పూర్వం ఏం గొడవలు లేవమ్మాయ్. ఇచ్చింది తీసుకుని మీ నాన్న పోయేవాడు. ముందే రేట్లు మాట్టాడేసరికి జనానికి కడుపు మండుద్ది. నీకూ తెలవాలి గదా."

*

గొలుసు మర్నాడు పోస్టుమార్టం బల్ల మీద దొరికింది. మెడ ఉబ్బి, చర్మం మడతల్లోకి కూరుకుపోయి ఉంది. డాక్టరు కత్తెరతో కత్తిరించి తీసి, సంతకం పెట్టించుకుని మేనమామ చేతికే ఇచ్చాడు. ఈ సంగతి దుర్గకు అక్కడ పనిచేసే మనిషి ద్వారా మూడో రోజున తెలిసింది. మాచర్ల నుంచి ఎవరూ రాలేదు, ఎవరూ కబురు చెయ్యలేదు. బాకీ ఇరవై వేలూ రాలేదు.

ఏసయ్యను నరసరావుపేట పెద్దాసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, దెబ్బలు ఎట్లా తగిలాయని డాక్టరు అడిగాడు. జారిపడ్డానని చెప్పబోయాడు ఏసయ్య. దుర్గ ఆపి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. డాక్టరు అది రాసి, ఆసుపత్రిలోని పోలీసుకు పంపాడు. దాని మీద కేసయింది. కాగితంలో నాలుగు పేర్లు పడ్డాయి. మొదటిది ప్రసాద్‌ది.

ఏసయ్య మోచేతికి ప్లేటు వేశారు. ఆపరేషన్ ఉచితమే అయినా, ప్లేటు బయట కొనాల్సి వచ్చింది, మందులు బయట కొనాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిది వేలయింది. దుర్గ తల్లి రాములమ్మ చెవికమ్మలు, ఆటో కొనడానికి పున్నారావు దాచుకున్న డబ్బు దానికింద పోయాయి.

చిన్నకోటయ్యకు చెవిలో లైటు వేసి చూసిన డాక్టరు, "కర్ణభేరి పూర్తిగా చిరిగింది. ఇక నీళ్లలో మునగకూడదు. మునిగితే తల తిరిగి, పైకీ కిందికీ తేడా తెలియక అక్కడే పోతావు" అన్నాడు. ఎడమ చెవి అసలు వినిపించడం లేదు. కుడిది కూడా మందగించింది. దుర్గ ఆ మాట ఆసుపత్రి వరండాలో అతని కుడి చెవి దగ్గర నోరు పెట్టి, మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారికి అర్థమయింది. అతను అరచేతులు రెండూ ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. పదమూడో ఏట నుంచి అతనికి తెలిసిన పని అదొక్కటే.

*

పద్నాలుగో రోజు పొద్దున పది గంటలకు కాలనీలోకి కారు వచ్చింది. సందు ఇరుకు. కారు మలుపు దగ్గరే ఆగిపోయింది. మల్లికార్జునరావు దిగాడు. తెల్లటి చొక్కా, మాసిన గడ్డం. రెండు వారాల్లో పదేళ్లు పైబడినట్టున్నాడు. ఆయన ముందు త్రికోటేశ్వరరావు నడిచాడు, ఈసారి మామూలు బట్టల్లో. ప్రసాద్ కారులోనే కూర్చున్నాడు.

ఇంటి ముందు చిన్నకోటయ్య మంచం మీద కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. వాళ్లను చూడగానే అలవాటుగా లేచి నిలబడ్డాడు. రాములమ్మ కుర్చీ తెచ్చి వేసింది. పక్కింటి అరుగు మీద ఏసయ్య, చేతికి కట్టుతో, గోడకు ఆనుకుని ఉన్నాడు. దుర్గ గిన్నెలు తోముతున్నదల్లా చేతులు కడుక్కుని వచ్చింది.

మల్లికార్జునరావు కూర్చోలేదు.

"జరగకూడంది జరిగింది" అన్నాడు దుర్గతో, గొంతు తగ్గించి. "మేమా రోజు మనుషుల్లో లేము. మావాడికి ఆవేశమెక్కువ. మేనల్లుడంటే పంచప్రాణాలు. నువ్వు చదువుకున్నదానివి, అర్థం చేసుకుంటావని వచ్చాను."

"గొలుసు దొరికిందంట గదా సార్" అంది దుర్గ.

"దొరికింది."

"దొరికిందని మీరు మాకు చెప్పలేదు. మా నాయన దొంగని అరవై మంది అనుకుంటన్నారు."

ఆయన చేతిసంచిలోంచి రెండు కట్టలు తీశాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"ఇది మనం మాట్లాడుకున్న ఇరవై. ఇది యాభై. ఆసుపత్రి ఖర్చులకి. అన్నిటికీ." కొంచెం ముందుకు వంగి, ఇంకా మెల్లగా, "కేసు వెనక్కి తీసుకోవాలి. మావాడికి రోడ్డు టెండర్లున్నాయి. కేసుంటే లైసెన్సు ఆగుద్ది" అన్నాడు.

దుర్గ పెద్ద కట్ట వంక చూసింది. పున్నారావు ఆటో డబ్బు, అమ్మ కమ్మలు, ఏసయ్య బాబాయి ఇంట్లో నెల రోజుల తిండి. అన్నీ అందులో ఉన్నాయి. ముప్పై ఎనిమిది పోను పన్నెండు మిగులుతాయి. రెండేళ్లుగా ఎంతోమందికి, ఎంతో ఏడుపు మధ్యలో, గొంతు వణక్కుండా అంకె చెప్పిన మనిషి ఇప్పుడు ఏమనాలో తెలియక నిలబడిపోయింది.

రాములమ్మ వెనక నుంచి ఆమె మోచెయ్యి గిల్లింది. "తీసుకోవే. కోర్టుల చుట్టూ మనం తిరగ్గలమా? ఏసయ్య పిల్లలేం తినాల?"

"నా ఒక్కదానిదే కాదమ్మా దెబ్బ" అంది దుర్గ. ఆమె ఏసయ్య వైపు చూసింది.

ఏసయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. "నన్నడగబాకమ్మా. నాకు డబ్బు కావాలి. ఆ డబ్బు చూస్తే ఈ చెయ్యి మళ్లీ ఇరుగుతున్నట్టుంది. మీ నాయన్ని అడుగు" అన్నాడు.

చిన్నకోటయ్య ఇందాకటి నుంచి అందరి పెదవులనూ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏందంటన్నారు?" అని అడిగాడు.

దుర్గ అతని కుడి చెవి దగ్గరికి వెళ్లింది. మెల్లగా చెప్పింది. అతనికి వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా."

మల్లికార్జునరావు చెయ్యెత్తి, "లోపలికెళ్లి మాట్లాడుకుందాం" అన్నాడు.

దుర్గ గట్టిగానే చెప్పింది. "యాభై వేలిస్తారంట నాయనా! ప్రసాద్ మనల్ని కొట్టినందుకు! కేసు తీసేసుకోవాలంట!"

ఆ కేక కాలనీ చివరిదాకా పోయింది. ఒక్కొక్క గుమ్మంలోకీ మనుషులు వచ్చారు. వల అల్లుకుంటున్నవాళ్లు, పొయ్యి దగ్గర ఉన్న ఆడవాళ్లు, పని లేక పడుకున్న మగవాళ్లు. పున్నారావు తాడు చేత్తో పట్టుకుని అట్లాగే వచ్చి నిలబడ్డాడు. త్రికోటేశ్వరరావు చిరాగ్గా చుట్టూ చూశాడు.

"చూడు కోటయ్యా," అన్నాడు ఆయన, తనూ గొంతు పెంచి, "పెద్దమనిషి ఇంటిదాకా వచ్చాడు. ఒద్దన్నావనుకో, శవాన్ని నీళ్లలో ఆపి డబ్బులు గుంజారని మీ మీదా కేసు పడుద్ది. తరవాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే లాభం లేదు."

ఇది చిన్నకోటయ్యకు వినపడింది. అతను వల మంచం మీద పెట్టాడు. మల్లికార్జునరావుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చెవి పోయినప్పటి నుంచి తన గొంతు తనకు తెలియక గట్టిగా మాట్లాడుతున్నాడు.

"అయ్యా, మీ బిడ్డ పోయాడు. నాకు తెలుసు. నేనే చేతులతో ఎత్తాను. ముప్పై ఏళ్ల నించీ ఎవరేది విసిరితే అది ఏరుకున్నా. పనికి దిగకముందే రేటు చెప్పాలంటది మా పిల్ల. నాకు సిగ్గేసేది. ఇప్పుడు తెలిసింది. మీ ప్రసాద్ నన్ను కొట్టకముందు నన్ను అడగలేదు. అడిగితే ఒద్దని చెప్పేవాణ్ణి. కొట్టేసినాక ఇప్పుడొచ్చి మీరు దానికి రేటు చెప్తే నేనెట్టా తీసుకుంటా? ఒద్దు. ఆ యాభై తీస్కపోండి."

"ఆలోచించుకో కోటయ్యా" అన్నాడు మల్లికార్జునరావు.

"ఒద్దయ్యా."

కారు తలుపు పెద్ద చప్పుడుతో మూసుకుంది. ప్రసాద్ సందులో నడిచి వచ్చాడు. "బతిమాలేదేంది బావా ఈ నాకొడుకుల్ని!" అంటూనే వచ్చి, అడ్డం వచ్చిన రాములమ్మను పక్కకు నెట్టాడు. ఆమె మంచం పట్టె మీద పడింది. ప్రసాద్ అదే ఊపులో చిన్నకోటయ్య దవడ మీద కొట్టాడు. చిన్నకోటయ్య కింద పడ్డాడు. నోట్లోంచి నెత్తురు వచ్చింది.

దుర్గ ముందుకు ఉరికింది. ఏసయ్య ఒంటిచేత్తో అరుగు దిగాడు. పున్నారావు, అతని వెనక ఇంకో పదిమంది, గుమ్మాల్లోంచి సందులోకి దిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఎవరూ ఆగలేదు. ప్రసాద్ చుట్టూ చూసి, మళ్లీ ఎత్తిన చేతిని దించుకోకుండా, కొట్టకుండా నిలబడిపోయాడు. త్రికోటేశ్వరరావు మూడడుగులు వెనక్కి వేసి గోడకు తగిలాడు.

చిన్నకోటయ్య ఎవరి సాయమూ లేకుండా లేచాడు. ఒకసారి తూలి, నిలదొక్కుకున్నాడు. లుంగీ మడిచి కట్టుకున్నాడు. ప్రసాద్ వంక చూడలేదు. మల్లికార్జునరావుకు ఎదురుగా వచ్చి కుడి అరచెయ్యి చాచాడు.

"మా కష్టం ఇరవై వేలు" అన్నాడు. "అది ఇయ్యండి. విసరబాకండి. చేతికియ్యండి."

మల్లికార్జునరావు చేతుల్లో రెండు కట్టలూ అట్లాగే ఉన్నాయి. సందు నిండా మనుషులు నిలబడి ఉన్నారు. చిన్నకోటయ్య చెయ్యి చాచే ఉంది.